పేరు రాసుకున్నారు సరే, తర్వాత?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాల విద్యాశాఖ మంత్రులకు,

ఏడాదికోసారి మీ సర్కారు బడుల ముందు ఒక వాహనం ఆగుతుంది. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏఎన్‌ఎం దిగి, పిల్లల్ని వరసలో నిలబెట్టి బరువు, ఎత్తు, కళ్లు, చెవులు, పళ్లు చూసి, కార్డులు నింపుకుని వెళ్లిపోతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం అది. పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి 18 ఏళ్ల వాళ్ల దాకా ముందుగా పట్టుకోవలసిన సమస్యల జాబితా వాళ్ల చేతిలో ఉంటుంది. గ్రహణం మొర్రి, రక్తహీనత, పిప్పిపళ్లతో పాటు ఆ జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఒకటి. చాలామంది గమనించని సంగతి ఇది. కుదురుగా కూర్చోలేని, చెప్పింది చెవికెక్కని పిల్లవాడి ఇబ్బంది ఆరోగ్య సమస్యేనని ప్రభుత్వం ఎప్పుడో కాగితం మీద ఒప్పుకుంది. అనుమానం వస్తే పేరు రాసుకుని డీఈఐసీ అనే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపమంది. మంచిదే. పేరు రాసుకున్నారు, జిల్లా కేంద్రానికి పంపారు, అక్కడ సమస్యకు పేరు పెట్టారు. మర్నాడు పొద్దున ఏడింటికి ఆ ఇంట్లో ఏం జరుగుతుందన్నది ఎవరి రిజిస్టర్లోనూ లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

ఏం జరుగుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. "స్నానం చేసి, యూనిఫాం వేసుకుని, టిఫిను డబ్బా బ్యాగులో పెట్టుకో" అని తల్లి వంటింట్లోంచి ఒక్క గుక్కలో మూడు పనులు చెబుతుంది. బాత్రూం దాకా వెళ్లేసరికి రెండోది జారిపోతుంది, మూడోది అసలు లోపలికే పోలేదు. పది నిమిషాల తర్వాత చూస్తే పిల్లవాడు ఒక కాలికే సాక్సు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, గోడ మీద చీమల బారు ఎటు పోతోందో చూస్తుంటాడు. వాడి లెక్కల నోటుబుక్కు తెరిస్తే అదే కథ. మొదటి నాలుగు లెక్కలు ఒప్పు, ఐదోదానిలో కూడికను తీసివేత చేశాడు, ఆరోది సగంలో వదిలేశాడు, ఏడోదాని చోట రైలింజను బొమ్మ. మార్జిన్లో ఎర్ర సిరాతో 'కేర్‌లెస్'. తెలుగులో ఏడీహెచ్‌డీని అవధాన లోపం అంటున్నారు. అవధానాన్నే సభల్లో ప్రదర్శించే విద్యగా చేసుకున్నవాళ్లం కనుక ఆ మాట మనకు ఇంకాస్త దగ్గరగా తగులుతుంది. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి అని ఒకాయన ఉంటాడు. అవధాని పద్యం కడుతుంటే మధ్యలో అడ్డదిడ్డం ప్రశ్నలు వేసి ధ్యాస చెదరగొట్టడమే ఆయన పని. ఈ పిల్లల తలలో ఆ ప్రసంగి రోజంతా కూర్చునే ఉంటాడు, లేవమన్నా లేవడు. అవధాని ఆయనకు చమత్కారంగా జవాబిచ్చి మళ్లీ పద్యంలోకి రాగలడు, ఏళ్ల సాధన ఉంది, పక్కన సభను నడిపే సంచాలకుడూ ఉన్నాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి అవేవీ లేవు.

అమెరికన్ మనస్తత్వవేత్త రస్సెల్ బార్క్‌లీ దశాబ్దాలుగా చెబుతున్న మాట ఒకటుంది. ఏడీహెచ్‌డీ అంటే ఏం చేయాలో తెలియకపోవడం కాదు, తెలిసినదాన్ని వేళకు చేతల్లో పెట్టలేకపోవడం. హోంవర్కు ఉందని వాడికి తెలుసు, ఎలా చేయాలో కూడా తెలుసు. ఆ క్షణంలో మనసును దాని మీదికి మళ్లించి, అయ్యేదాకా నిలిపి ఉంచే పట్టు బలహీనం. నా వాదన మొత్తం ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడింది. తప్పటడుగు పడేది పని జరిగే చోట అయితే, చేయూత కూడా అక్కడే, ఆ వేళకే అందాలి. రెండు నెలలకోసారి జిల్లా ఆసుపత్రిలో ఇచ్చే ఇరవై నిమిషాల సలహా ఎంత మంచిదైనా, చీమల్ని చూస్తూ నిలబడ్డ పిల్లవాడి దగ్గరకు రాదు. అక్కడికి రాగలిగేది అమ్మ, నాన్న, నానమ్మ, పక్కింటి పిన్నిగారు, క్లాసు టీచరు, బడికి తీసుకెళ్లే ఆటో అన్న. వాళ్లు ఏం చేయాలన్నది పెద్ద రహస్యం కాదు. 'ఫస్టు వస్తే సైకిలు కొంటా' అన్న మాట ఈ పిల్లల మీద పనిచేయదు, నెలల తర్వాత వచ్చేది వాళ్ల లెక్కలో బహుమానమే కాదు. వెంటనే దక్కే చిన్నది పనిచేస్తుంది. ఒక పని అవగానే స్టీలు గ్లాసులో ఒక చింతపిక్క, రాత్రికి పది పిక్కలైతే ఇంకో అరగంట క్యారమ్స్. మూడు పనులు కలిపి కాక ఒక్కొక్కటే, దగ్గరికెళ్లి, భుజం మీద చెయ్యి వేసి చెప్పడం. సరిగా చేసిన పనిని గమనించి పైకి చెప్పడం. వింటే ఇంతేనా అనిపిస్తుంది. నాలుగో వారానికి ఆ గ్లాసు ఫ్రిజ్ మీద దుమ్ము కొట్టుకుపోతుంది, ఎందుకు మానేశారో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. సలహా తెలియక కాదు, సలహాను నిలబెట్టే మనుషులు చుట్టూ లేక ఇలా జరుగుతుంది. ఆ నాలుగో వారంలో "మా ఇంట్లోనూ ఇంతే, పిక్కలు మానేసి స్టిక్కర్లు మొదలెట్టాం" అని చెప్పే నలుగురు కూర్చునే గది ఒకటి కావాలి. సమాజం అండ అని నేనంటున్నది దాన్నే.

అల్లరికి ఇంగ్లిషు పేరు పెట్టి జబ్బంటున్నారని, ఇదంతా సెల్‌ఫోన్లు తెచ్చిన తంటా అని చాలామంది అంటారు. మీ శాఖల్లోనూ అనేవాళ్లుంటారు. ఫోను సంగతికి జవాబు సులువు. స్కాట్లండుకు చెందిన వైద్యుడు అలెగ్జాండర్ క్రిక్టన్ 1798లోనే అవధానం నిలవని మనుషుల గురించి రాశాడు. లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు 1902లో ఇలాంటి పిల్లల మీద వరస ఉపన్యాసాలిచ్చాడు. అప్పటికి రేడియో కూడా ఇళ్లలోకి రాలేదు. ఇది తెల్లవాళ్ల జబ్బు అనేవాళ్లకు మన దగ్గరి లెక్కే ఉంది. పల్వల్, కాంగ్రా, ఢెంకనాల్, ఉత్తర గోవా, హైదరాబాద్‌లలో 2 నుంచి 9 ఏళ్ల పిల్లలు దాదాపు నాలుగు వేల మందిని పరీక్షించిన అధ్యయనం 2018లో వెలువడింది. ఏడీహెచ్‌డీతో సహా తొమ్మిది రకాల నాడీ వికాస సమస్యల్లో కనీసం ఒకటి, 6 నుంచి 9 ఏళ్ల వాళ్లలో నూటికి 13 మందికి పైగా కనిపించింది. ఒక్క ఏడీహెచ్‌డీనే తీసుకుంటే, వివిధ దేశాల అధ్యయనాలన్నీ కలిపి చూసిన లెక్కల్లో పిల్లల్లో సుమారు 5 శాతం. నలభైమంది ఉన్న తరగతిలో ఇద్దరు. ప్రతి టీచరుకూ ఆ ఇద్దరి పేర్లు ఇప్పటికే తెలుసు, కాకపోతే వాళ్లను వేరే పేర్లతో పిలుస్తారు. ముద్ర పడుతుందని భయపడేవాళ్లు ఆ పేర్లు ఒకసారి వినాలి. మొద్దు, పొగరు, కోతి, సోమరి. ఆడపిల్లయితే 'పరధ్యానం'. కిటికీలోంచి చూస్తూ నిశ్శబ్దంగా వెనకబడిపోయే ఆడపిల్లను అసలు ఎవరూ పట్టించుకోరు, తను ఎవరికీ అడ్డం రాదు కనుక.

అయితే అవతలివాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ఒకే తరగతిలో వయసులో అందరికంటే చిన్నవాళ్లకు ఏడీహెచ్‌డీ అని తేల్చడం ఎక్కువని అమెరికా, కెనడా, తైవాన్‌లలో పరిశోధకులు చూపించారు. అంటే పది నెలల చిన్నతనాన్ని జబ్బుగా లెక్కేసిన సందర్భాలున్నాయి. ఐదేళ్లు నిండీ నిండకముందే ఒకటో తరగతిలో కూర్చోబెట్టే మన ఊళ్లలో ఈ పొరపాటుకు ఇంకా ఎక్కువ తావుంది. కానీ ఈ అభ్యంతరం నేనడుగుతున్నదానికి అడ్డు కాదు, బలం. పొరపాటున మందు పడితే నష్టం, పొరపాటున సర్టిఫికెట్ ఇస్తే చిక్కు. పొరపాటున ఒక తల్లిని నెలకోసారి పదిమంది తల్లుల మధ్య కూర్చోబెట్టి, పిల్లవాడికి ఒక్కో పని ఒక్కోసారి చెప్పడం నేర్పితే ఎవరికి నష్టం? ఏడీహెచ్‌డీ లేని అల్లరి పిల్లవాడికి కూడా ఆ పద్ధతి మంచే చేస్తుంది. అందుకే గుంపులో చేరడానికి డాక్టరు చీటీ అడగకూడదంటాను. చీటీ కోసం జిల్లాకు వెళ్లి వచ్చేలోపు ఆ కుటుంబానికి ఒక ఏడాది గడిచిపోతుంది.

ఇక 'పెంపకం సరిగా లేదు' అన్న తీర్పు. ఇది దాదాపు ఎప్పుడూ తల్లి మీదే పడుతుంది, అత్తగారింట్లో ఒకసారి, పేరెంట్స్ మీటింగులో ఇంకోసారి. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఏడీహెచ్‌డీ విషయంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సుమారు 74 శాతం పాలు జన్యువులది. దాదాపు ఎత్తులా వంశంలో దిగే గుణం. పెంపకం దీన్ని పుట్టించదు, తేలిక చేయగలదు లేదా బరువు చేయగలదు. ఈ లెక్కలో ఇంకో సంగతి దాగుంది, విధానాలు రాసేవాళ్లు దాన్ని దాటేస్తారు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడి అమ్మకో నాన్నకో అదే ఉండే అవకాశం మామూలు కంటే చాలా ఎక్కువ. బండి తాళాలు రోజూ వెతుక్కునే తండ్రికి, కరెంటు బిల్లు గడువు ప్రతి నెలా దాటిపోయే తల్లికి 'ఇంట్లో టైంటేబుల్ గోడకు అతికించి క్రమం తప్పకుండా పాటించండి' అని సలహా ఇచ్చి పంపుతున్నాం. పాటించలేకపోతే 'తల్లిదండ్రుల సహకారం లేదు' అని కేసు షీట్లో రాస్తున్నాం. సాయం అందాల్సింది ఒక్క పిల్లవాడికి కాదు, కుటుంబం మొత్తానికి అనడానికి ఇంతకంటే గట్టి కారణం నాకు కనపడదు.

మందుల మాట కూడా చెప్పాలి. మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు చాలామంది పిల్లలకు స్పష్టంగా పనిచేస్తాయి. 1999లో ఫలితాలు వెలువడ్డ అమెరికా అధ్యయనంలో 579 మంది పిల్లల్ని 14 నెలలు గమనించారు. ముఖ్య లక్షణాల్ని తగ్గించడంలో, జాగ్రత్తగా ఇచ్చిన మందే ప్రవర్తనా శిక్షణ ఒక్కదానికంటే మెరుగని తేలింది. రెండూ కలిపి పొందిన పిల్లలకు మాత్రం తక్కువ మోతాదు సరిపోయింది, ఇంట్లో తల్లిదండ్రులతో సంబంధాల్లాంటి విషయాల్లో కొంత అదనపు మేలు కనిపించింది. కాబట్టి మందా, మనుషులా అన్న పోటీ పెట్టడం తప్పు. కాకపోతే ఆ మందు మన దేశంలో మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం కింద ఉంది, ప్రతి మెడికల్ షాపులోనూ దొరకదు, రాసే నిపుణులు పట్నాల్లోనే ఉంటారు. మారుమూల మండలానికి ఇవాళ చేరగలిగింది మనుషుల సాయం ఒక్కటే. మందు దాకా వెళ్లాల్సిన పిల్లవాణ్ని గుర్తించి, భయపడే తండ్రికి నచ్చజెప్పి, జిల్లా ఆసుపత్రికి తోడు వెళ్లేది కూడా ఆ మనుషులే.

నిపుణులు లేకుండా ఇది సాగుతుందా అని అధికారులు అడుగుతారు. సాగుతుందనడానికి దాఖలాలు ఉన్నాయి. ఎదుగుదలలో ఇబ్బందులున్న 2 నుంచి 9 ఏళ్ల పిల్లల కుటుంబాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన శిక్షణలో తొమ్మిది సామూహిక సమావేశాలు, మూడు ఇంటి సందర్శనలు ఉంటాయి. నడిపేవాళ్లు డాక్టర్లు కానక్కర్లేదు, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు చాలు. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఇలాంటి కార్యకర్తల చేతనే శిక్షణ ఇప్పించి చూస్తే, పిల్లలతో వాళ్ల మాటామంతీ మెరుగుపడిందని 2016లో తేలింది. అంత దూరం కూడా ఎందుకు? పదిమంది మామూలు మనుషులు నెలనెలా చాప మీద కూర్చుని తీర్మానాల పుస్తకం రాసుకుంటే ఏమవుతుందో దేశానికి చూపించింది మనమే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993లో సారా నిషేధం వచ్చింది, ఆ ఊపులోనే ఆ జిల్లాలో పొదుపులక్ష్మి అనే ఆడవాళ్ల పొదుపు ఉద్యమం పుట్టింది. ఇవాళ డ్వాక్రా సంఘం లేని ఊరు వెతికినా దొరకదు. అప్పు వాయిదా కట్టలేకపోయిన సభ్యురాలి కష్టం గురించి మాట్లాడుకోవడం తెలిసిన సంఘానికి, పిల్లవాణ్ని కొట్టి రాత్రంతా ఏడ్చిన సభ్యురాలి కష్టం గురించి మాట్లాడుకోవడం నేర్పడం అసాధ్యమా? అమెరికాలోనూ ఈ కథ తల్లిదండ్రుల నుంచే మొదలైంది. 1987లో ఫ్లోరిడాలో తల్లిదండ్రులు, కొందరు నిపుణులు కలిసి పెట్టుకున్న చాడ్ అనే సంస్థ దేశమంతా పాకింది. ఈ పిల్లలకు ప్రత్యేక విద్యా సేవలు పొందే అర్హత ఉంటుందని అక్కడి విద్యాశాఖ 1991లో స్పష్టం చేయడం వెనుక అలాంటి సంఘాల ఒత్తిడి ఉంది. డల్లాస్‌లో మనవడికి బడివాళ్లు పరీక్షలో అదనపు సమయం ఇస్తే సంతోషించే గుంటూరు తాతయ్య, ఇక్కడి మనవడి విషయంలో 'రెండు తగిలిస్తే సరి' అంటే తప్పు ఆయనది కాదు. ఇక్కడ ఆయనకు ఇంకోదారి ఎవరూ చూపించలేదు.

మీ చేతిలో ఇప్పటికే ఉన్న వాటితోనే ఇది చేయొచ్చు. సహిత విద్య కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, వాటిలో ప్రత్యేక అవసరాల పిల్లలతో పనిచేసే రిసోర్స్ పర్సన్లున్నారు. నెలలో ఒక శనివారం మధ్యాహ్నం ఆ కేంద్రం తలుపులు ఈ కుటుంబాలకు తెరవండి. ఆ రిసోర్స్ పర్సన్‌కు శిక్షణ ఇవ్వండి. ఏడాది తిరిగాక ఆ గుంపులోని తల్లుల్లో ఇద్దరికి నడిపే బాధ్యత, దానితో పాటు గౌరవవేతనం ఇవ్వండి. ఊరికే చేయమంటే ఆడవాళ్ల కష్టం మీద మరో పథకం కట్టినట్టవుతుంది. డీఈఐసీ సైకాలజిస్టు మూడు నెలలకోసారి వచ్చి కూర్చోవాలి, మధ్యలో గడ్డు సమయం వస్తే 14416 టెలి మానస్ మానసిక ఆరోగ్య సహాయవాణి ఉంది. ఇలాంటి గుంపుల్లో పుకార్లు, పసరు మందులు, వేలకు వేలు గుంజే థెరపీ దుకాణాలు దూరతాయన్న భయం సహేతుకమే. అందుకే అక్కడ ఏదీ అమ్మకూడదన్న నియమం, ఆ సైకాలజిస్టు రాక తప్పనిసరి. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడులన్నిటా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగు జరిగింది. అంతమందిని ఒక్కరోజు రప్పించగలిగిన యంత్రాంగానికి పన్నెండుమందిని నెలకోసారి రప్పించడం చేతకాదంటే నమ్మలేను. టీచర్ల మీద మళ్లీ భారమా అంటారా, యాప్‌లలో హాజర్లు, ఫొటోలు ఎక్కించే పని పక్కన ఇది చాలా చిన్నది. క్లాసులో టీచరు చేయాల్సింది కొంచెమే: ముందు బెంచీలో చోటు, మధ్యలో లేచి చాక్‌పీసులు తెచ్చే నెపంతో నాలుగడుగులు వేసే వీలు, మూడు గళ్లున్న చిన్న కార్డు మీద రోజూ ఒక టిక్కు. చెయ్యి లేపాడు, పుస్తకం తెచ్చాడు, సగం పని పూర్తి చేశాడు, అంతే. ఇంటికెళ్లిన ఆ కార్డును చూసే చింతపిక్క పడుతుంది. దెబ్బ వేయడమైతే 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ప్రకారం ఎలాగూ నిషిద్ధం.

ఒక పని మాత్రం గుంపుల వల్ల కాదు, మీరే చేయాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం ఉంది, చదవడం రాయడంలో ఇబ్బంది ఉంది, ఏడీహెచ్‌డీ పేరు లేదు. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరంలో దానికి గడి లేదు. ఒకే ప్రభుత్వం ఒక జాబితాలో సమస్య అన్నదాన్ని ఇంకో జాబితాలో లేదనడం వింతగా లేదూ? ఆ చట్టం కేంద్రానిది, దాని సంగతి మీరు ఢిల్లీకి రాయండి. పదో తరగతి పరీక్షల నియమాలు మాత్రం మీ శాఖలవే, వాటిలో ఈ పిల్లలకు అదనపు సమయం చేర్చండి. అదనపు సమయం ఇస్తే మిగతా పిల్లలకు అన్యాయం అనేవాళ్లు ఉంటారు. కళ్లద్దాలు పెట్టుకుని పరీక్ష రాసేవాణ్ని చూసి అలా ఎవరూ అనరు. దుర్వినియోగం భయముంటే, బడిలో రెండేళ్లుగా ఆ ఏర్పాట్లు వాడుతున్నట్టు భవిత కేంద్రం రికార్డు అడగండి. పరీక్షల ముందు నెలలో కొన్న సర్టిఫికెట్ అక్కడ చెల్లదు.

ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల గురించి ఇంకో ఉత్తరమే రాయాలి. తెల్లవారకముందు లేపి రాత్రి పది దాటేదాకా కుర్చీలో కూర్చోబెట్టే ఆ చదువు ఈ పిల్లలకు ఎంత దుర్భరమో చెప్పనక్కర్లేదు, మామూలు పిల్లలకే అది సుఖం కాదు. పెద్దయ్యాకా ఏడీహెచ్‌డీ చాలామందిని వదలదు. ప్రపంచవ్యాప్తంగా పెద్దల్లో రెండున్నర శాతం దాకా ఉంటుందని అంచనా. మూడు ఉద్యోగాలు మారిన కుర్రాడు, కూతురికి పరీక్ష చేయిస్తుంటే తనను తాను గుర్తుపట్టిన తల్లి, వీళ్లకూ ఆ శనివారం గదిలో ఒక కుర్చీ వేయొచ్చు.

ఈ విద్యాసంవత్సరానికి నేను అడిగేది జిల్లాకు రెండు భవిత కేంద్రాలు. ఒకటి పట్నంలో, ఒకటి బస్సు రోజుకు రెండుసార్లే వచ్చే మండలంలో. జూన్‌లో బడులు తెరిచాక ఆరోగ్య బృందం తిరిగి వచ్చినప్పుడు, పేరు రాసుకున్న ప్రతి పిల్లవాడి ఇంటికీ జిల్లా కేంద్రం చిరునామాతో పాటు మండల కేంద్రంలో కూడే శనివారం తేదీ, వేళ రాసిన చీటీ కూడా వెళ్లాలి. తారీఖు తల్లి మరిచిపోవచ్చు, కాబట్టి ముందురోజు సాయంత్రం ఆశా కార్యకర్త ఫోను చేయాలి. తండ్రి నంబరుకు కూడా.

ఇట్లు,
ఈ పిల్లల గురించి రాసే ఒక వ్యాసకర్త